జనం మాట పటంలోకి ఎక్కిందా

నెల్లూరు, మూలాపేట

చిరంజీవి సౌమ్యకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాస్తున్న లేఖ.

మీ అమ్మ ఫోనులో చెప్పిన సంగతి విన్నప్పటి నుంచి నాకు ఒక పక్క గర్వంగానూ మరొక పక్క గుబులుగానూ ఉంది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఊళ్ళో ఏ భూమి దేనికో పటం మీద రంగులతో చెప్పే మాస్టర్ ప్లాన్ తయారీలో ప్రజల మాటకు ఏపాటి చోటు దక్కిందో మదింపు చేసే పని నీ సంస్థ నీకే అప్పగించిందనీ, వచ్చే నెలలో ప్రశ్నావళి పట్టుకుని ఇక్కడ దిగుతావనీ తను చెప్పింది. పట్టణ ప్రణాళిక విభాగంలో ట్రేసర్‌గా చేరి డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరైనదాన్ని కనుక, పటాలు గీసిన ఇంటి నుంచే ఆ పటాలను నిలదీసే పిల్ల వచ్చిందని నేను మురిసిపోవడంలో తప్పేమీ లేదు. గుబులు ఎందుకంటే, ఇటువంటి నివేదికలు వ్రాసినవాళ్ళ చేయి దాటిన తరువాత ఎక్కడికి పోతాయో, ఎవరి చేతిలో ఏ పనికి వస్తాయో నేను చూశాను. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను, తీరిక చేసుకుని చదువు.

అందరికీ తెలిసిన పనులు ముందు ముగిద్దాం. ప్రకటన పడిన పత్రికల ప్రతులు, అభ్యంతరాల రిజిస్టరు, విచారణ సమావేశాల మినిట్సు, తుది ఉత్తర్వు అడిగి తీసుకో. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు, 30 రోజుల్లో జవాబు రావాలి. సంస్థ ఇచ్చిన పరిచయ పత్రం వెంట ఉంచుకో. ఎండలో తిరిగేటప్పుడు గొడుగు వేసుకోవడానికి నామోషీ పడకు.

చట్టం అడిగేది చాలా తక్కువన్న సంగతి మాత్రం మొదటి రోజే మనసులో పెట్టుకో. మన దగ్గర ఈ వ్యవహారమంతా 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం పునాది మీద లేచింది. 2016లో పట్టణాభివృద్ధి సంస్థల కోసం కొత్త చట్టం వచ్చింది, ఆ మరుసటి ఏడు నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. అయినా ముసాయిదా ప్రకటించడం, గడువు పెట్టడం, అభ్యంతరాలూ సలహాలూ స్వీకరించడం, పరిశీలించామని వ్రాసి పైకి పంపడం అన్న వరుస దాదాపు అలాగే నడుస్తున్నది. పర్యావరణ అనుమతుల కోసం జరిపే బహిరంగ విచారణ వేరే దారిలో నడుస్తుంది. కృష్ణపట్నం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఆ సభలు కొత్తవి కావు. 2006 నాటి నోటిఫికేషను ప్రకారం ఆ సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, కలెక్టరు గాని అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని ప్రతినిధి గాని పర్యవేక్షించాలి, కాని సభ మొదలు కావడానికి ఇంతమంది హాజరు కావాలన్న నియమం మాత్రం అక్కర లేదని ఆ నోటిఫికేషనే చెబుతున్నది. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా సభ చట్టబద్ధమే అన్న మాట. కాబట్టి "నిబంధనలన్నీ పాటించారు" అని తేల్చడానికైతే నువ్వు హైదరాబాదు నుంచి రానవసరం లేదు, ఆఫీసు గుమాస్తా ఆ వాక్యం ఎప్పుడో వ్రాసి పెట్టి ఉంటాడు.

రెండు ఊళ్ళనూ ఒకే గజంతో కొలవకు. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పన్నెండో షెడ్యూలులో పురపాలికల పనుల జాబితాకు పట్టణ ప్రణాళికనే మొదటి అంశంగా పెట్టింది. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్నచోట వార్డు కమిటీలు ఉండాలన్నది. నెల్లూరు ఆ గీత ఎప్పుడో దాటింది, 2011 లెక్కల నాటికి ఒంగోలు దాటలేదు. నెల్లూరులో వార్డు కమిటీ కాగితం మీద ఉన్నదా అని అడిగి ఊరుకోకుండా, అది ఎప్పుడైనా కూర్చున్నదా, కూర్చుంటే ముసాయిదా పటం ఆ బల్ల మీదికి వచ్చిందా అని అడుగు. ఒంగోలులో ఆ ప్రశ్నే వేరుగా వేయాలి: అటువంటి కమిటీ తప్పనిసరి కానిచోట జనం తమ మాట ఎవరి ద్వారా పంపుకున్నారు?

మీ తరగతిలో చెప్పే, నిర్ణయాల్లో జనానికి ఎంత చోటు దక్కిందో మెట్లుగా కొలిచే షెర్రీ ఆర్న్‌స్టీన్ నిచ్చెన గురించి మొన్నామధ్య నువ్వే నాకు చెప్పావు. 1969లో ఆవిడ వేసిన ఆ ఎనిమిది మెట్లలో అడుగున జనాన్ని ఏమార్చడం, మధ్యలో తెలియజేయడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం, పైకి పోయేకొద్దీ అధికారం పంచుకోవడం, చివరికి నిర్ణయం జనం చేతికే రావడం ఉన్నాయి. మంచి పనిముట్టే, కాని "నెల్లూరు నాలుగో మెట్టు మీద ఉంది" అని ఒక్క ముక్కలో వ్రాశావంటే నాకు కోపం వస్తుంది. నేను చూసిన విచారణ సభల్లో ఒకే గదిలో, ఒకే గంటలో, లేఅవుటు యజమాని అధికారం పంచుకునే ఆరో మెట్టు మీద కూర్చుని అధికారితో సర్వే నంబర్లు మాట్లాడుతుండేవాడు. కాలువ గట్టు నుంచి వచ్చిన ఇస్త్రీ బండి మనిషి ద్వారం దగ్గర నిలబడి తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తుండేవాడు. ఊరంతటికీ ఒక మెట్టు ఉండదు. ఎవరిని ఏ మెట్టు మీద నిలబెట్టారన్నది మనిషి మనిషికీ వేరుగా వ్రాయవలసిన సంగతి. ఇంకొక మాట, నిర్ణయంతో పాటు డబ్బు కదలకపోతే పై మెట్లు మాటలుగానే మిగులుతాయి. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రెలో 1989 నుంచి జనం నగర బడ్జెట్టులో కొంత భాగం మీద తామే నిర్ణయం చేశారు. కేరళలో 1996లో మొదలైన ప్రజా ప్రణాళిక ఉద్యమంలో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు వదిలారు. నీ నివేదికలో రెండు ఊళ్ళకూ ఆ గడి ఒకటి పెట్టు. జనం చెప్పిన పనికి బడ్జెట్టులో పద్దు పడిందా లేదా?

ఇక పటం గురించి. మా రోజుల్లో ముసాయిదాను అమ్మోనియా ప్రింట్లు తీసి, రంగులు వేసి, ఆఫీసు వరండాలో నోటీసు బోర్డు పక్కన తగిలించేవాళ్ళం. భూమి ఉన్న మనిషి జేబులో సర్వే నంబరుతో వచ్చి, నేరుగా అక్కడ వేలు పెట్టి, పసుపా ఆకుపచ్చా చూసుకుని వెళ్ళిపోయేవాడు. పసుపైతే ఇళ్ళకు పనికొస్తుంది, ఆకుపచ్చైతే కొంప మునిగింది. మిగిలినవాళ్ళు ఆ పటం ముందు నిలబడి గుడి ఎక్కడుంది, చెరువు ఎక్కడుంది, సినిమా హాలు ఎక్కడుంది అని వెతుక్కుని, దొరకక, సిగ్గుపడి, మెల్లిగా తప్పుకునేవాళ్ళు. ఒకసారి కూరగాయల గంప నెత్తిన పెట్టుకున్న ఒక ముసలామె అంతా పరకాయించి చూసి, "ఇందులో నీళ్ళు ఎటు పోతాయమ్మా?" అని నన్ను అడిగింది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే రోడ్ల వెడల్పులు అడుగులతో సహా వేసిన ఆ పటంలో వాలు ఎటో ఎక్కడా లేదు. కాలువలు సన్నని గీతలు, అవి ఎటు పారతాయో చెప్పే బాణం గుర్తు ఒక్కటీ లేదు. ఆ తరువాత నేను నా బల్ల మీది ప్రతిలో పెన్సిలుతో చిన్న చిన్న బాణాలు వేసుకునేదాన్ని. అవి అచ్చయిన పటంలోకి ఎన్నడూ రాలేదు.

అందుకని ప్రశ్నావళిలో "ముసాయిదా గురించి మీకు తెలుసా" అన్న ప్రశ్నను నమ్ముకోకు. మర్యాదకు అందరూ తెలుసనే అంటారు. పటం ప్రతి ఒకటి వెంట తీసుకుపోయి నేల మీద పరిచి, వాళ్ళ ఇల్లు ఎక్కడో చూపించమను. చూపించలేకపోతే ఆ మనిషికి ప్రకటన అందినట్టు లెక్క వేయకు, పత్రికలో ఎంత పెద్ద అక్షరాలతో పడినా సరే. నోటీసు తెలుగులో ఉండి, పటం కింద రంగుల వివరమూ వందల పుటల నివేదికా ఇంగ్లీషులో ఉంటే అదీ వ్రాయి. ఈ జబ్బు మన ఊరిది మాత్రమే కాదు. 2020లో కేంద్రం తెచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదాను ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదింపజేయాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న మాటకు వస్తున్నాను. మా సెక్షనులో అద్దం బల్ల ఒకటి ఉండేది, కింద ట్యూబులైటు వెలుగుతుండేది. దాని మీద పాత పటం పరిచి, పైన ట్రేసింగు కాగితం పెట్టి గీసేవాళ్ళం. ఒక పటం మీద మరొకటి పరిస్తే ఏది మారిందో కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. నువ్వు కంప్యూటరులో పొరలు పెట్టి చేయి, కాని తప్పకుండా చేయి: ముసాయిదా పటం మీద ఆమోదం పొందిన పటం పెట్టి, రంగు మారిన ప్రతి ముక్కనూ, వంకర తిరిగిన ప్రతి రోడ్డునూ, సన్నబడిన ప్రతి కాలువనూ గుర్తు పెట్టు. ఆ తరువాత అభ్యంతరాల రిజిస్టరు తెరిచి, ఏ మార్పు ఏ అర్జీ వల్ల వచ్చిందో జత కలుపు. అడిగితే మారినవి కొన్ని తేలతాయి. వాటిలో ఒక్క యజమానికి మేలు చేసినవి ఎన్ని, ఒక వీధికో ఒక వాడకో మేలు చేసినవి ఎన్ని అని విడదీయి. అడిగినా మారనివి చాలా ఉంటాయి. వాటికి కారణం వ్రాసి అర్జీదారుకు పంపారా, లేక "పరిశీలించడమైనది" అన్న ముద్రతో సరిపెట్టారా చూడు. కారణం చెప్పి కాదన్న అధికారిని నీ నివేదికలో మెచ్చుకో, ఎందుకంటే వినకుండా ఎవరూ కారణం వ్రాయలేరు.

మూడో కుప్ప ఒకటి మిగులుతుంది. ఎవరూ అర్జీ పెట్టకుండానే మారినవి. రిజిస్టరులో పేరు లేదు, మినిట్సులో మాట లేదు, పటంలో మాత్రం ఆకుపచ్చ పసుపైపోయింది. కొన్ని నిజంగా గీతల పొరపాట్లు సరిదిద్దినవై ఉండవచ్చు, వాటిని వాటిగానే వ్రాయి. మిగిలినవి వేరే గుమ్మంలోంచి వచ్చినవి. గీసేవాళ్ళకు కారణాలు చెప్పరమ్మా. ఫలానా ముక్క రంగు మార్చమని చిన్న చీటీ వస్తుంది, అంతే. ప్రజల భాగస్వామ్యం ఎంత జరిగిందన్న ప్రశ్నకు సభకు వచ్చినవాళ్ళ తల లెక్క కన్నా ఈ మూడో కుప్ప పెద్దదా చిన్నదా అన్నదే సరైన జవాబు చెబుతుంది. ఎందరు మాట్లాడారో లెక్క పెట్టేవాళ్ళు ఎందరైనా దొరుకుతారు. మాట్లాడకుండానే పని జరిపించుకున్నవాళ్ళ లెక్క ఎవరూ వేయరు. ఎవరి పేరూ ఊహించి వ్రాయవద్దు, నింద వేయవద్దు. ముక్క ఎక్కడుంది, ఎంత విస్తీర్ణం, ఏ రంగు ఏ రంగైంది, ఏ అర్జీ సంఖ్యా దొరకలేదు అని పట్టిక వేస్తే చాలు. పట్టికలు వేయడం నీకు ఒకరు నేర్పాలా! సెలవులకు వచ్చినప్పుడు మా వంటింట్లో గిన్నెలకు కూడా పట్టిక కట్టిన పిల్లవు.

నీకున్న ఆ పట్టికల పిచ్చే నన్ను భయపెడుతున్నది కూడా. ఇది కొంచెం పెద్ద కథ, ఓపికగా చదువు.

నేను పనిచేసిన ఊళ్ళలో ఒకచోట, ఊరి పేరు చెప్పను, కాలువ గట్టు పోరంబోకు మీద రెండు మూడు తరాలుగా ఇళ్ళు వేసుకున్నవాళ్ళ మధ్యకు ఒక అధ్యయన బృందం వచ్చింది. చదువుకున్న పిల్లలు, మంచి మనసున్నవాళ్ళు, నీలాగే గడులు చక్కగా నింపేవాళ్ళు. ప్రణాళికలో పేదల మాట వినడం లేదని వాళ్ళకు నిజంగానే బాధ. అందుకని ఇంటింటికీ తిరిగారు. పేరు, తలుపు నంబరు, ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, పట్టా ఉన్నదా లేదా, కరెంటు మీటరు ఎవరి పేరున ఉన్నది, గది పెంచుకున్నారా, పెంచుకుంటే కాలువ వైపా వీధి వైపా అని అన్నీ అడిగారు. మీరు చెప్పినది పటంలోకి వెళుతుందని మాట ఇచ్చారు. ఆ మాట వాళ్ళు ఎందుకు ఇచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, పటం వాళ్ళ చేతిలో ఎన్నడూ లేదు. గట్టు మీది ఆడవాళ్ళు వాళ్ళకు మజ్జిగ ఇచ్చి, మంచం వాల్చి, దాచుకోకుండా అన్నీ చెప్పారు. తమ సంగతి ఎవరో అడగడం వాళ్ళకు అదే మొదటిసారి.

నివేదిక అందంగా వచ్చింది. పేదలతో ఇంత లోతుగా మాట్లాడినవాళ్ళు లేరని మెచ్చుకున్నారు. లోతుగా మాట్లాడినట్టు రుజువుగా చివర అనుబంధంలో మాట్లాడిన వాళ్ళందరి పేర్లూ, తలుపు నంబర్లూ, వాళ్ళు చెప్పిన వివరాలూ వరుసగా అచ్చు వేశారు. బృందం మరొక ఊరికి వెళ్ళిపోయింది. కొంతకాలానికి కాలువ వెడల్పు చేసే పని వచ్చింది. ఎవరి ఇల్లు ఎక్కడ కాలువ వైపు ముందుకు జరిగిందో తేల్చడానికి కొత్తగా సర్వే చేయవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. జాబితా అచ్చులోనే ఉంది. ఆ అనుబంధం చేత పట్టుకునే గోడల మీద ఎర్ర రంగు గుర్తులు వేసుకుంటూ పోయారు. ఆ పని చేసినవాళ్ళలో దుర్మార్గుడెవడూ లేడు. ఎవరో సిద్ధం చేసిపెట్టిన కాగితం, వాళ్ళు వాడుకున్నారు. విచిత్రం ఏమిటంటే, ఆ రోజు బృందాన్ని చూసి తలుపు వేసుకున్న ఇళ్ళు, "మాకేం తెలియదు పోండి" అని కసిరిన ఇళ్ళు ఆ జాబితాలో లేవు. వాటికి నోటీసు ఇవ్వడానికి చాలా కాలం పట్టింది, ఈలోగా వాళ్ళు ఏదో దారి చూసుకున్నారు. నోరు తెరిచి చెప్పినవాళ్ళు ముందు పోయారు. మజ్జిగ ఇచ్చిన ఆవిడ తరువాత ఆఫీసుకు వచ్చి, గొడవేమీ చేయకుండా, "మేము చెప్పిందే గదమ్మా వ్రాసుకున్నారు" అని అడిగి వెళ్ళింది. అటుపైన ఆ గట్టు మీద ఫైలు పట్టుకున్న మనిషికి తలుపు తీసినవాళ్ళు లేరు. తరువాతి విచారణ సభకు ఆ వాడ నుంచి ఒక్కరూ రాలేదు, మినిట్సులో "ఆ ప్రాంతం నుంచి అభ్యంతరాలు లేవు" అని వ్రాసుకున్నారు.

కాబట్టి సౌమ్యా, నీకు అక్కరలేనిది అడగనే అడగకు. పట్టా సంగతి నీ మదింపుకు అవసరమా? అవసరం లేదు, ఆ మనిషి మాట ఎవరైనా విన్నారా అన్నదే నీకు కావాలి. పేర్లు ఒక పుస్తకంలో, జవాబులు ఇంకొక పుస్తకంలో, రెండింటినీ కలిపే సంఖ్యల వరుస నీ దగ్గర మాత్రమే ఉండాలి, సంస్థ సర్వరులో కాదు. వాడ పేరు కూడా మరీ చిన్నదైతే పక్క వాడతో కలిపి వ్రాయి. ఫోనులో ఫొటోలు తీసి ఇళ్ళ గోడలు చూపించకు. మరీ ముఖ్యంగా, నీ వల్ల పటం మారుతుందని నోరు జారవద్దు. "నేను వ్రాసి ఇస్తాను, వాళ్ళు వింటారో వినరో నా చేతిలో లేదు" అని ముందే చెప్పు. కొందరు లేచి వెళ్ళిపోతారు, వెళ్ళనీ.

పిలిస్తే వచ్చినవాళ్ళనే భాగస్వాములని అనుకోవడం ఇంకొక పొరపాటు. మన ప్రాంతంలో జనం పిలవకుండా వచ్చినప్పుడే చరిత్ర కదిలింది. ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది గాని, నిన్నమొన్నటి దాకా ప్రకాశంలో ఉన్న చీరాలనే తీసుకో. చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 13,000 మందికి పైగా ఊరు వదిలి, రామనగరమని పందిళ్ళు వేసుకుని దాదాపు 11 నెలలు బయటే ఉన్నారు. పట్టణ ప్రణాళిక చట్టం వచ్చిన మరుసటి ఏడే ఇది జరిగిందన్నది గమనించు. చివరికి తిరిగి రాక తప్పలేదు, మునిసిపాలిటీ ఉండిపోయింది. హాజరు పట్టీ మాత్రమే చూసే మదింపులో ఆ ఊరి భాగస్వామ్యం సున్నా అని తేలుతుంది. మన జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు 1992లో అక్షరాస్యత తరగతుల్లో మొదలుపెట్టి సారా దుకాణం మూయించారు, అక్కడి నుంచి సారా వేలం పాటలను అడ్డుకునే దాకా ఉద్యమం పాకింది, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్ళను ఏ అధికారీ అభిప్రాయం అడగలేదు. ఇవన్నీ పాత కథలని అనుకోకు. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా సోమవారం పొద్దున కలెక్టరు కార్యాలయానికి వెళ్ళి అర్జీలు ఇచ్చే వరుసలో నిలబడి చూడు. మురుగు కాలువ, నీళ్ళ టాంకరు, వీధి దీపం, కబ్జా అయిన దారి అన్నీ పట్టణ ప్రణాళికే, పేరు వేరు. ముసాయిదా మీద అభ్యంతరాలు పెట్టని వాడల నుంచి సోమవారం అర్జీలు ఎన్ని వచ్చాయో పక్కపక్కన పెట్టావంటే, ఆ జనానికి ఆసక్తి లేదన్న మాట ఎవరూ అనలేరు.

రానివాళ్ళ సంగతి క్లుప్తంగా చెబుతాను. విచారణను పని రోజు పదకొండింటికి పెడితే రోజు కూలి మనిషి రాడు. అద్దెకు ఉండేవాళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోరు, పటం భూమి ఉన్నవాడితోనే మాట్లాడుతుంది. నువ్వు వెతికి వాళ్ళ దగ్గరికి వెళ్ళు. తోపుడు బండ్లవాళ్ళకు 2014 నాటి చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా స్థానాలు ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్ళకు; ట్రంకు రోడ్డు విస్తరణ గురించి ఆ కమిటీని ఎవరైనా అడిగారేమో విచారించు. స్వర్ణాల చెరువు ఒడ్డున రొట్టెల పండుగకు వచ్చే లక్షల మందిలో చాలామంది ఈ ఊరివాళ్ళు కారు, అయినా ఆ చెరువు గట్టు మీద వాళ్ళకు మాట లేదనగలమా? దీనికి నా దగ్గర జవాబు లేదు, నువ్వు ఆలోచించు. 2019 నుంచి వార్డు సచివాలయాల్లో ప్రణాళిక కార్యదర్శులు ఉన్నారు. పిల్లలు మంచివాళ్ళు, వీధి వీధీ తెలిసినవాళ్ళు, వాళ్ళతో తప్పక మాట్లాడు. కాని జనాన్ని అడిగేటప్పుడు వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోకు. కట్టడాలకు నోటీసులు ఇచ్చే మనిషి ఎదుట ఎవరు నిజం చెబుతారు?

నీళ్ళ సంగతి వ్రాయకుండా నేను ఈ ఉత్తరం ముగించలేనని నీకు తెలుసు. 2021 నవంబరులో ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పెన్న పొంగి, భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం మునిగి, పడుగుపాడు దగ్గర రైలు కట్టా జాతీయ రహదారీ కొట్టుకుపోయినప్పుడు మన మేడ మీద ఎందరు తలదాచుకున్నారో మీ అమ్మకు గుర్తుంది. అంతకు ముందు ఆ కాలనీలవాళ్ళను ఏ ప్రణాళిక విచారణలోనైనా వరద గురించి అడిగారేమో పాత మినిట్సులు తిరగేసి చూడు. కాలువ పూడిందనీ గట్టు కుంగిందనీ ముందుగా తెలిసేది అక్కడ ఉండేవాళ్ళకే, ఇంజనీరుకు తరువాత తెలుస్తుంది. నీ ప్రశ్నావళిలో "మీ వీధిలో నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయి" అన్న ప్రశ్న ఒకటి చేర్చు, వచ్చిన జవాబులను పటంలో బాణాలుగా వేయి, ఆ బాణాలకూ ఆమోదం పొందిన పటానికీ పొంతన ఉన్నదా చూడు. వీలైతే మళ్ళీ ఒకసారి నవంబరులో రా; మాగుంట లేఅవుటు, రామలింగాపురం అండర్ బ్రిడ్జీల్లో మోకాటి లోతు నీళ్ళు నిలిచినప్పుడు జనం చెప్పే మాటలు ఎండాకాలంలో వినిపించవు. రమ్మన్నాను గదా అని పెన్న ఒడ్డుకు ఒంటరిగా పోయేవు, కాళ్ళు విరగ్గొడతాను. పెదనాన్నను వెంటబెట్టుకుని వెళ్ళు, ఆయనకు వేరే పనేమీ లేదు.

చివరగా, పనిలోకి దిగే ముందే తేల్చుకోవలసినవి రెండున్నాయి. నీ సంస్థ ఈ మదింపును ఎవరి డబ్బుతో చేస్తున్నదో, నివేదిక బయటపెట్టే హక్కు ఎవరిదో ఒప్పందంలో చూడు. పటం తయారు చేయించినవాళ్ళే డబ్బు ఇచ్చి, పుటలు ఎంచుకునే అధికారమూ వాళ్ళ దగ్గరే ఉంటే, నువ్వు వ్రాసిన ఇబ్బందికరమైన అధ్యాయం అల్మారాలోకి పోయి, "ప్రజల భాగస్వామ్యం సంతృప్తికరం" అన్న ఒక్క వాక్యం ఫైలుకు కుట్టేస్తారు, కింద నీ సంతకంతో. కనీసం తెలుగులో ఒక చిన్న సారాంశాన్ని, నువ్వు మాట్లాడిన వాడల్లో చదివి వినిపించి, వాళ్ళు కాదన్నవి సరిదిద్దిన తరువాతే నివేదిక అందజేస్తానన్న షరతు వ్రాతలో పెట్టించు. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవడం లేదో మర్యాదగా అడుగు. ఆ జవాబు కూడా నీ మదింపులో భాగమే.

ప్రశ్నావళి ఇంకా అచ్చుకు వెళ్ళలేదని మీ అమ్మ అన్నది. తెలుగు ప్రతి ఒకటి పెద్ద అక్షరాలతో తీసి ముందు నాకు పంపు. ఇంగ్లీషు నుంచి దించిన ప్రశ్నలైతే మా పనిమనిషికి చదివి వినిపించి, ఆమెకు ఎక్కడ అర్థం కాలేదో ఎర్ర పెన్నుతో గీసి తిరుగు టపాలో పంపుతాను. మేడ మీది గది శుభ్రం చేయించాను, అద్దె గది వెతుక్కునే ఆలోచన ఏమైనా ఉంటే మానుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ